కారణం ఏమీ లేదు

నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. కరీంనగర్ ఊరి బయట ఉంటుందని మాత్రం చెబుతాను. మతి చెడిన స్థితిలో నేరం చేసి కోర్టు ద్వారా వచ్చినవాళ్లను, మామూలు వార్డుల్లో ఉంచలేమని తేల్చినవాళ్లను అక్కడ తాళం వేసిన వార్డుల్లో పెట్టేవారు. మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి. నా పేరు శ్యామల. మా బాపు మంచిర్యాల దగ్గర బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను మగవాళ్ల వార్డులో నాలుగేళ్లు, ఆ తర్వాత ఆడవాళ్ల వార్డులో మూడేళ్లు చేశాను. చెప్పబోయేది అక్కడ ఉన్న భూమవ్వ గురించి. నా గురించి కూడా.

ముందు మగవాళ్ల వార్డులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

పర్శరాములు అని ఒకతను ఉండేవాడు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసినవాడు. ఆరడుగుల మనిషి, చేతులు ఇనుప కడ్డీల్లా ఉండేవి. వచ్చిన రెండు వారాల్లో ఇద్దరు అటెండర్లను పడగొట్టాడు. ఒకతనికి ముందు పళ్లు ఊడాయి. అతను నడిచి వస్తుంటే మేమంతా గోడకు జరిగేవాళ్లం. డాక్టర్ కుమారస్వామి గారు మమ్మల్నందరినీ గదిలో కూర్చోబెట్టారు.

"కొట్టుడుకు ముందు ఏం జరిగింది?" అని అడిగారు.

"ఏం జరుగలే సార్. అన్నం తింటుండె, అంతే" అన్నాడు అటెండరు.

"ఏం అన్నం? వేడిగ ఉండెనా, సల్లారిందా?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన నవ్వలేదు. నాలుగు రోజుల పాటు అతను ఏం తిన్నాడో, ఎంత వేడిగా తిన్నాడో, ఎటు నమిలాడో రాయమన్నారు. రాశాం. వేడి పప్పు, వేడి చాయ్ నోట్లో పడ్డాక కాసేపటికే అతని చెయ్యి లేస్తోందని తేలింది. పళ్ల డాక్టరును పిలిపిస్తే దవడ పన్ను కింద చీము పట్టి ఉంది. నొప్పి అని చెప్పే స్థితిలో అతను లేడు. పన్ను పీకేశారు. నేను ఆ వార్డులో ఉన్న మిగతా రెండేళ్లూ పర్శరాములు ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కొత్తగా శిక్షణకు వచ్చిన నర్సులకు ఈ కథ నేనే గర్వంగా చెప్పేదాన్ని.

ఆడవాళ్ల వార్డుకు మార్చిన రోజున ఆయా కిష్టవ్వ నాకు తాళాలు అప్పగిస్తూ, "గీడ కొట్లాట రోజూ ఉంటది సిస్టర్. గంత పట్టిచ్చుకోవద్దు. జర సేపు గిచ్చుకుంటరు, జర సేపు ఏడుస్తరు. మల్ల పొద్దుగాల ఒక్క పళ్లెంలనే తింటరు" అంది. కిష్టవ్వ చెడ్డది కాదు. ఇరవై ఏళ్లుగా ఆ వార్డులో ఉంది. పేషెంట్లకు తల దువ్వడానికి ఇంటి నుంచి కొబ్బరినూనె తెచ్చేది.

ఆమె చెప్పింది నిజమే. మగవాళ్ల వార్డులో నెలకు రెండో మూడో గొడవలు జరిగేవి. ఇక్కడ పదకొండు మంది ఆడవాళ్లే ఉన్నా దాదాపు రోజూ ఏదో ఒకటి. చెంపదెబ్బ, జుట్టు పట్టుకోవడం, కొరకడం, పళ్లెం విసరడం, ఎవరి చేతిని వాళ్లే గీసుకోవడం. కానీ ఎవరి ఎముకా విరిగేది కాదు, ఎవరికీ కుట్లు పడేవి కాదు. అందుకని ఎవరికీ భయం లేదు. డాక్టరు గారు మగవాళ్ల వార్డుకు రోజూ వెళ్లేవారు, ఇక్కడికి వారానికోసారి.

రెండు వార్డుల్లోనూ ఒకే రకం రిజిస్టరు. ఎవరు కొట్టారు, ఎవరిని కొట్టారు, ముందు ఏం జరిగింది, కారణం ఏమిటి, మనం ఏం చేశాం. మగవాళ్ల రిజిస్టరులో 'ముందు ఏం జరిగింది' అన్నచోట గడి చాలక కాగితాలు అంటించేవాళ్లం. ఆడవాళ్ల రిజిస్టరు తెరిస్తే ఒక్కో గొడవకు ఒక్కో వాక్యం. కారణం అన్నచోట 'మొండితనం', 'అసూయ', 'నెలసరి', 'ఏమీ లేదు' అని ఉండేది. మొదటి వారం అవి చదివి నవ్వుకున్నాను, వీళ్లకు రాయడం రాదని. నెల తిరిగేసరికి నేనూ అలాగే రాస్తున్నాను. రోజూ జరిగేదానికి రోజూ అరపేజీ ఎవరు రాస్తారు?

భూమవ్వది బోథ్ దగ్గర పల్లె. నలభై ఏళ్లుంటాయి. మొగుడు తాగి తాగి చచ్చిపోయాక కౌలుకు పత్తి వేసుకుని కూతురిని చదివించింది. తర్వాత మనసు చెదిరింది. బావిలో మరిది పురుగులమందు కలిపాడని నమ్మి, గొడ్డలి వెనక వైపుతో అతని తల మీద కొట్టింది. అతను బతికాడు. కోర్టు ఆమెను మా దగ్గరికి పంపింది. నేను వచ్చేసరికి ఆమెకు అక్కడ రెండేళ్లు. మందులతో మనిషి బాగానే కుదుటపడింది. మరిది గురించి అడిగితే, "నాకు అప్పుడు దిమాక్ మంచిగ లేకుండె సిస్టరమ్మా. ఆయన మంచోడే" అనేది.

కానీ కొట్టేది. అదే ఆమెతో చిక్కు. నిద్ర లేపడానికి వెళ్లిన ఆయాను కొట్టింది. మందుల వరసలో వెనక నుంచి తోసినామెను కొట్టింది. ఒకసారి నేను భుజం మీద చెయ్యి వేసి పిలిస్తే, తిరిగి చూడకుండానే చెయ్యి విసిరింది. నా కళ్లద్దాలు పగిలాయి. పిలిస్తే పలికేది కాదు. దగ్గరికి వెళ్లి గట్టిగా చెబితే "కాయ్?" అనేది. వాళ్ల అమ్మగారిది కిన్వట్ వైపు, ఇంట్లో సగం మరాఠీ మాటలు. 'ఏంటి' అనడానికి ఆమె 'కాయ్' అనేది. ఏం చెప్పినా ముందు "కాయ్?" అనే వచ్చేది. మేం ఆమెకు 'కాయమ్మ' అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు పెట్టింది కిష్టవ్వ అని చెప్పుకునేదాన్ని. నిజానికి నేనే పెట్టాను.

రిజిస్టరులో ఆమె గురించి 'చెప్పిన మాట వినదు' అని ఎన్నోసార్లు రాశాను.

స్పందన అనే అమ్మాయి వచ్చాక భూమవ్వ కొంచెం మారింది. స్పందనకు ఇరవై ఏళ్లు. మంచిర్యాల దగ్గర మా బొగ్గుబాయి కాలనీల పిల్లే. నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉండగా గొంతులు వినిపించడం మొదలై, తోటి అమ్మాయిని కత్తెరతో పొడిచింది. బక్కగా, భయం భయంగా ఉండేది. భూమవ్వ ఆమెను పక్క మంచంలోకి తెచ్చుకుంది. "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ ఆమె వెంటే తిరిగేది ఆ పిల్ల. కూర్చునేటప్పుడు భూమవ్వ ఆమె చెయ్యి పట్టి లాగి, ఎప్పుడూ తన కుడి పక్కనే కూర్చోబెట్టుకునేది. అది నేను చూశాను. అలవాటనుకున్నాను.

అప్పటికి ఆర్నెల్లుగా భూమవ్వ ఎవరినీ కొట్టలేదు. కూతురు ప్రవళిక ఉట్నూర్‌లో ఒక హాస్టల్లో వంట పని చేసేది. తమ పల్లెకు దగ్గర్లో ఇల్లు కిరాయికి తీసుకున్నానని, అవ్వను ఇంటికి తీసుకెళ్తానని అర్జీ పెట్టుకుంది. ఎవరిని విడుదల చెయ్యాలో చూసే బోర్డు నవంబరులో కూర్చుని తేల్చాలి.

సెప్టెంబరు చివర బతుకమ్మ వచ్చింది. కిష్టవ్వ వాళ్ల ఊరి నుంచి తంగేడు, గునుగు, బంతిపూలు సంచి నిండా తెచ్చింది. వార్డులోకి చాకులు తీసుకుపోకూడదు కనుక కాడలన్నీ మా గదిలోనే కోసి ఇచ్చాం. మధ్యాహ్నం హాల్లో బతుకమ్మను పెట్టుకుని అందరూ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడారు. రేకుల కప్పు కింద ఆ చప్పుడు హోరుగా ఉంది. భూమవ్వ మోకాళ్ల నొప్పులని గద్దె మీద కూర్చుని చూస్తోంది. మొహంలో నవ్వుంది. స్పందన వరసలోంచి బయటికి వచ్చి, ఒక బంతిపువ్వు తీసుకుని, నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుని, వెనక నుంచి ఎడమ పక్కగా వెళ్లి భూమవ్వ సిగలో పెట్టబోయింది.

భూమవ్వ మోచెయ్యి గట్టిగా వెనక్కి లేచింది. ఆ పిల్ల గద్దె అంచు మీద పడింది. మెడ కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

పాట ఆగిపోయింది. భూమవ్వ తిరిగి చూసి, కింద పడింది ఎవరో గుర్తుపట్టాక, రెండు చేతులతో తన తలను తానే కొట్టుకోవడం మొదలుపెట్టింది. మేం నలుగురం పట్టుకుని సూది వేసి ఒంటరి గదిలోకి తీసుకెళ్లాం. మత్తులోకి జారుతూ ఆమె, "సూడలే. నేను పిల్లను సూడలే" అని రెండుసార్లు అంది. నేను విన్నాను. కొట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి అంటారులే అనుకున్నాను.

ఆ సాయంత్రం రిజిస్టరులో రాశాను. 'తల్లో పువ్వు పెట్టబోయిన తోటి పేషెంటుపై దాడి. ఎముక విరిగింది. ముందు ఏం జరిగింది: పండుగ చేసుకుంటున్నారు. కారణం: ఏమీ లేదు.' కింద సంతకం పెట్టాను.

స్పందన తండ్రి వారం తిరక్కముందే వచ్చి, పై అనుమతులు తెచ్చుకుని, ఆమెను వేరే చోటికి మార్పించుకున్నాడు. వెళ్లే రోజు ఆ అమ్మాయి చెయ్యి మెడకు కట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"సిస్టరమ్మా, పెద్దమ్మకు నా మీద ఎందుకు కోపమొచ్చింది? నేనేం చేసిన?"

"నువ్వేం చెయ్యలే బిడ్డా. ఆమె గంతే. కారణమేం ఉండది" అన్నాను.

ఓదార్చానని అనుకున్నాను. ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసి వెళ్లిపోయింది.

నవంబరులో బోర్డు కూర్చుంది. ప్రవళిక ఉట్నూర్ నుంచి తెల్లవారుజామున జీపెక్కి, మంచిర్యాలలో బస్సు మారి వచ్చింది. అవ్వ కోసం కొత్త చీర, చెప్పులు సంచిలో తెచ్చింది. బోర్డులో ఉన్న ఒక పెద్దాయన నేను రాసింది చదివి, "తనకు ఇష్టమైన పిల్లనే కారణం లేకుండ కొట్టిందంటే, బయట ఎవలకు ఏం భరోసా?" అన్నారు. నన్నడిగారు. నిజమే సార్ అన్నాను. భూమవ్వకు ఎడమ పక్క కూర్చున్న ఇంకొకాయన, "ఇంటికి పోతే మందులు వేసుకుంటవా?" అని అడిగారు. ఆమె ఎటో చూస్తూ ఉంది. ఆయన మళ్లీ అడిగారు. ఆమె తిరిగి, "కాయ్?" అంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. ప్రవళిక చీరా చెప్పులూ నా చేతిలో పెట్టి, "మీ దగ్గరే ఉంచుర్రి మేడం, మల్ల మోసుకపోవుడెందుకు" అని వెళ్లింది.

జనవరిలో ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి సంచి లేదు. భూమవ్వ తల్లికి బాగా లేదు. ముసలామె తిండి మానేసి, కూతురిని చూడాలని ఒక్కటే అడుగుతోంది.

"ఒక్క దినం మేడం. పోలీసులను తోలుర్రి, మీ మనుషులను తోలుర్రి. పొద్దుగాల తీస్కపోయి పొద్దుమీకి తెచ్చి ఒప్పజెప్త."

డాక్టర్ కుమారస్వామి గారు నన్ను పిలిచారు. "రోజూ సూసేది నువ్వు. ఏమంటవ్ శ్యామలా?"

నేను కాసేపు ఆలోచించాను. ఆలోచించలేదని చెప్పుకుంటే ఇప్పుడు కొంచెం తేలికగా ఉండేది. సావు దగ్గర పడ్డ ముసలామె, ఇంటి నిండా చుట్టాలు, ఇరుకు గది. ఎవరైనా మీద చెయ్యి వేసి ఏడిస్తే ఈమె కొడితే? "వద్దు సార్. ఎప్పుడు కొడుతదో ఎవలకూ తెల్వది" అన్నాను. ఆయన తల ఊపి కాగితం మీద సంతకం పెట్టారు.

ఎనిమిది రోజులకు ముసలామె పోయింది. ఫోను వచ్చాక భూమవ్వకు చెప్పే పని నాదే అయింది. ఇద్దరు అటెండర్లను గుమ్మం బయట నిలబెట్టి, సూది మందు సిద్ధం చేసుకుని లోపలికి వెళ్లాను. ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆమె నా పెదాల వైపే చూసింది.

"ఎన్నడు?" అంది.

"మొన్న బుధవారం."

"తానం మంచిగ పోసిండ్రా?"

"పోసిండ్రంట. ప్రవళిక దగ్గరుండి చూసుకుందట."

ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని అలాగే కూర్చుంది. నేనూ అటెండర్లూ అరగంట నిలబడ్డాం, ఎప్పుడు లేచి కొడుతుందోనని. ఆమె లేవలేదు. మధ్యలో ఒకసారి నీళ్లడిగింది. తల్లి పోయిన మనిషి పక్కన సూది పట్టుకుని నిలబడ్డ ఆ అరగంట ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్లు నాకే బరువనిపిస్తుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ప్రవళిక వార్డుకు ఫోను చేసింది. కూలర్ హోరుకు ఏమీ వినబడటం లేదని, వైరు పొడుగ్గా లాగి రిసీవరు తెచ్చి భూమవ్వ ఎడమ చెవి దగ్గర నేనే పెట్టాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని కుడి చెవికి మార్చుకుంది. మాట్లాడింది, నవ్వింది. పెట్టేసి వెళ్తుంటే నాకు ఏదో తట్టింది. వారం కిందట కూడా ఇలాగే మార్చుకుంది.

నా నడుముకున్న తాళాల గుత్తి విప్పాను. ఆమె వెనగ్గా వెళ్లి, ఎడమ పక్కన సిమెంటు నేల మీద పడేశాను. హాల్లో ఉన్న అందరూ ఉలిక్కిపడి చూశారు. భూమవ్వ చూడలేదు. కిటికీ జాలీలోంచి బయటికి చూస్తూ కాళ్లు నొక్కుకుంటోంది.

అదే ఫోను నుంచి ప్రవళికకు మళ్లీ చేశాను.

"బిడ్డా, మీ అవ్వకు ఎడమ చెవి వినబడదా?"

"అదేంది మేడం గట్ల అడుగుతున్నరు. మా ఇంట్ల అందరికీ ఎరుకే గదా. మా బాపు కొట్టిన కాన్నుంచి వినబడది. నేను చిన్నగున్నప్పుడు. మేమందరం కుడి దిక్కు నిలబడే పిలుస్తం. పండుకుంటే కాళ్లు ముట్టి లేపుతం. ఎనుక నుంచి ఎవలన్నా ముడితే మా బాపే అనుకుంటది, చెయ్యి దానంతట అదే లేస్తది." చివర్లో, "మీరు దవాఖానోళ్లు గదా మేడం. మీకు ఎరుకుంటదనుకున్న" అంది.

పెద్ద దవాఖానలో చెవి డాక్టరుకు చూపించాం. ఎడమ చెవి పొర ఎప్పుడో చిరిగిపోయింది, పూర్తిగా పోయింది. కుడి చెవిలోనూ సగమే మిగిలింది. ఆ డాక్టరు కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. భూమవ్వకు ఎదురుగా వంగి, "ఎన్నేండ్ల సంది గిట్ల?" అని అడిగింది.

"పదహారేండ్లు ఐతుంది."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"ఎవలడిగిండ్రు?" అంది భూమవ్వ. ఆ మాటలో నిష్టూరం లేదు.

తిరిగి వచ్చి డాక్టర్ కుమారస్వామి గారికి చెప్పాను. ఆయన బల్ల మీది కాగితాలు సర్దారు. ఆ ఏడాదే ఆయన రిటైరవ్వాలి.

"పర్శరాములు కొడితే నాలుగు దినాలు కూసున్నం గదా, పళ్లెం పక్కన" అన్నారు. "ఎందుకనుకుంటున్నవ్? వాణ్ని సూస్తే మనకు భయముండె. ఈమెను సూస్తే లేకుండె. గంతే. నేనూ వారానికొక్కసారే వచ్చిన."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం పేషెంట్ల బాధ చూసి కారణం వెతికేవాళ్లమని ఇన్నేళ్లూ నమ్మాను. మా భయం కొద్దీ వెతికాం. ఆడవాళ్లు కొడితే మా పళ్లు ఊడవు కనుక వెతకలేదు.

మర్నాడు భూమవ్వ మంచం పైన గోడకు కాగితం అంటించాం, కుడి పక్కకు వచ్చి పిలవాలని, పడుకుంటే పాదాలు తాకి లేపాలని. చెవికి మిషను పెట్టించాం. అది ఆమెకు సరిపడలేదు, గుయ్యిమంటోందని తీసేసేది. అయినా మే నుంచి ఆగస్టు దాకా ఆమె ఒక్కరి మీద కూడా చెయ్యెత్తలేదు. కొత్త ఆయాలకు ఆమే ముందుగా చెప్పేది, "ఇటు దిక్కు రా, ఇటు దిక్కు" అని.

మిగతా పదిమంది సంగతి కూడా కూర్చుని రాయడం మొదలుపెట్టాం. స్నానాల గది తలుపు సగం తెరిచి ఉంచడం వల్ల, సరిగ్గా ఆ వేళకే మగ అటెండరు నీళ్ల డ్రమ్ములు తేవడం వల్ల ఒకామె రోజూ పక్కవాళ్లను కొరుకుతోందని తెలిసింది. అది ఆపించాం. ఇద్దరి విషయంలో ఎంత చూసినా కారణం దొరకలేదు. కిష్టవ్వ మాత్రం చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు తల దువ్వుతూ దువ్వుతూ, "ఇరవై ఏండ్ల సంది ఈడ్నే ఉన్న సిస్టర్. ఎంతమందిని గట్ల ఎనుక నుంచి పట్టుకొచ్చిన్నో" అని ఏడ్చింది.

బోర్డుకు నేనే ఉత్తరం రాశాను. బతుకమ్మ నాడు నేను రాసింది తప్పని, ముందు ఏం జరిగిందో నేను చూసి కూడా రాయలేదని, ఆమె 'పిల్లను సూడలే' అన్న మాట విని కూడా వదిలేశానని. ఆగస్టులో విడుదల కాగితం వచ్చింది.

ప్రవళిక వచ్చింది. బీరువాలో దాచిన చీరా చెప్పులూ తీసి ఇచ్చాను. భూమవ్వ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు, చెప్పాల్సింది చెప్పాను. "జనవరిల పంపొద్దన్నది నేనే బిడ్డా. డాక్టర్ సార్ నన్నడిగితే నేనే వద్దన్న."

ఆమె నా వైపు చూడలేదు. సంచి తాడు ముడి వేస్తూ, "ఎరుకే మేడం. సార్ చెప్పిండు" అంది.

నేను ఇంకేదో అనబోయాను. ఆమె ఆపింది.

"మా అమ్మమ్మ పోయే దినం దర్వాజ దిక్కే సూసుకుంట పోయింది. గది మాత్రం అవ్వకు చెప్పకుర్రి. నేను చెప్పలే."

నన్ను క్షమించాననీ అనలేదు, క్షమించనని కూడా అనలేదు. తల్లి కుడి పక్కకు మారి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

ఆ నవంబరులో ఆదివారం చూసుకుని నేను బోథ్ దగ్గర ఆమె పల్లెకు వెళ్లాను. పత్తి ఏరుతున్న కాలం. భూమవ్వ చేనులో ఉందన్నారు. గట్టు మీద నడిచి, ఆమెకు ఎదురుగా, కనబడేలా వెళ్లాను. నడుముకు కట్టిన గుడ్డలో పత్తి నిండుగా ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, "సిస్టరమ్మ ఒచ్చింది" అని పక్క సాలులో ఉన్నామెకు చెప్పింది. అది ఆమె తోటికోడలు. మరిది పెళ్లాం. ఇద్దరూ కలిసే ఏరుతున్నారు.

గట్టు మీద కూర్చున్నాం. నేను కుడి పక్కన కూర్చున్నాను. చెప్పాలనుకుని వచ్చిన మాట చెప్పాను. "నేను తప్పు రాసిన భూమవ్వా. దాని కోసమే నిన్ను తొమ్మిది నెలలు ఎక్కువ ఉంచిండ్రు."

ఆమె చేతికి అంటిన పత్తి గుల్లల పొట్టు దులుపుకుంది.

"నేనన్నా చెప్పాల్సుండె. చెప్పుడు నాకు అలవాటు లేకుండె. ఆయన ఉన్నప్పుడు చెవు నొస్తుందంటే మల్లొకటి ఏసెటోడు. గప్పటి సంది నోరు మూసుకునుడే అలవాటైంది." తర్వాత అడిగింది. "పిల్ల ఎట్లున్నది? బొక్క అతికిందా?"

స్పందన గురించి, విరిగిన ఎముక గురించి.

"ఆ పిల్లను కొట్టింది నేను కావాలని కాదని ఎవలన్నా చెప్పిండ్రా?" అంది మళ్లీ.

"లేదు" అన్నాను. "నేను వేరే తీరుగ చెప్పిన."

ఆమె నా మొహం చూసింది. ఏం చెప్పానని అడగలేదు. "నువ్వు పోయి చెప్పు. నాకు ఊరు దాటి పోరాదు. పిల్ల నా మీద భయంతోనే ఉండి ఉంటది" అంది.

అప్పటికే రెండుసార్లు మంచిర్యాల వెళ్లి వచ్చానని ఆమెకు చెప్పాను. వాళ్లున్న క్వార్టరులో వేరేవాళ్లు ఉన్నారు. తండ్రి ఉద్యోగం అయిపోయాక కుటుంబం ఎటో వెళ్లిపోయిందన్నారు. మార్పించిన ఆసుపత్రికి ఉత్తరం రాస్తే, పేషెంటు డిశ్చార్జి అయిందని, చిరునామా ఇవ్వకూడదని జవాబు వచ్చింది. మా బాపుతో పనిచేసినవాళ్లందరినీ అడుగుతున్నాను. ఒకాయన గోదావరిఖనిలో చూశానన్నాడు, ఇంకొకాయన పెళ్లయి మహారాష్ట్ర వెళ్లిందన్నాడు. రెండూ నిజం కాదని తేలింది.

"అడుగుతనే ఉండు" అంది భూమవ్వ. లేచి మళ్లీ సాలులోకి వెళ్లింది.

అది జరిగి రెండేళ్లు దాటింది. అడుగుతూనే ఉన్నాను. ఆ అమ్మాయి ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.